మూడు ఊళ్ళకీ ఒకటే మెగ్గర్

ఎనభైల చివరి రోజుల్లో మా రేపల్లెలో నేను వైరింగు చేసిన ఇళ్ళు చాలానే ఉండేవి గానీ, కాగితాల ప్రకారం చూస్తే నేను ఒక్క బల్బు కూడా వెలిగించినవాణ్ణి కాదు. కొత్త ఇంటికి కరెంటు ఇవ్వాలంటే లైసెన్సున్న కాంట్రాక్టరు పని సరిగ్గా ఉందని టెస్టు రిపోర్టు మీద సంతకం పెట్టాలి. నాకు లైసెన్సు లేదు. అందుకని నిచ్చెనెక్కి, మేకులు నోట్లో కరుచుకుని, తీగలు బిగించే చెక్క పట్టీలు గోడకి కొట్టడం నా వంతు, సంతకం తెనాలి బజారులో కొట్టున్న బాబాయి వంతు. (ఆయన నాకు బాబాయి కాదు. ఆ చుట్టుపక్కల వైరింగు పని చేసే వాళ్ళందరికీ ఆయన బాబాయే, ఎందుకంటే లైసెన్సు ఆయన దగ్గరుంది.) ఇల్లు తూర్పు ముఖమో పడమర ముఖమో కూడా ఆయనకు తెలియదు. నేను రైల్లో వెళ్ళి కాగితం ముందు పెడితే, టీ తాగుతూ సంతకం చేసిచ్చేవాడు. అది తప్పని ఎవరికీ అనిపించేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ అనిపించలేదు.

అనిపించేలా చేసింది మా హెడ్మాస్టరు గారు. మా చర్చి ఆవరణలో ఆడపిల్లల హాస్టలు కొత్తగా కట్టారు. దాని పనులు చూసేది ఆయనే. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి, హాస్టలు వైరింగు నాదేనని నేను ఊరంతా చెప్పేసుకున్నాను. ఆయన మాత్రం నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగారు. “పని చేసేది నువ్వు. సంతకం ఎవరిదిరా?” తెనాలి బాబాయిదండి అన్నాను. “ఆయన వచ్చి చూస్తాడా?” చూడరండి అన్నాను. “పిల్లలు పడుకునే చోటు నాయనా. చేసిన చెయ్యే సంతకం పెట్టాలి. బడి తెరిచేలోగా లైసెన్సు తెచ్చుకో, పని నీదే. తేలేకపోతే ఇంకొకరిని చూసుకుంటా.” ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అంత పెద్ద పని నాకు అంతవరకూ రాలేదు, ఇక ముందు వస్తుందన్న నమ్మకమూ లేదు.

పరీక్ష అప్పటికే పాసయ్యాను. మిగిలిందల్లా ఇన్‌స్పెక్టరు వచ్చి నా కొట్లో పనిముట్లు చూసుకోవడం. వాటిలో ముఖ్యమైనది మెగ్గర్. పక్కన చేతిపిడి ఉన్న బరువైన పెట్టె అది. పిడి గిరగిరా తిప్పితే, తీగలోంచి కరెంటు ఎక్కడైనా గోడలోకి కారే వీలుందేమో ముల్లు చెబుతుంది. ప్రతి కాంట్రాక్టరుకీ సొంతంగా ఒకటి ఉండాలని రూలు. తెనాలి, బాపట్ల, రేపల్లె, మా మూడు ఊళ్ళకీ కలిపి ఉన్నది మాత్రం ఒక్కటే, బాబాయిది. ఎవరి కొట్టుకి ఇన్‌స్పెక్షన్ వస్తే వాళ్ళు ఆ పూటకి దాన్ని తీసుకెళ్ళి, చూపించి, మర్యాదగా తిరిగి ఇచ్చేవాళ్ళు. (బాపట్ల వాళ్ళు తీసుకెళితే దాంతోపాటు వేటపాలెం జీడిపప్పు పొట్లం కూడా వచ్చేది. బాబాయి బాపట్ల వాళ్ళకి ఎప్పుడూ కాదనేవాడు కాదు.)

ఆ ఏడు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వస్తూనే మూడు ఊళ్ళూ ఒకే రోజు చూస్తానని ఉత్తరం రాశాడు. పొద్దున తెనాలిలో బాబాయి లైసెన్సు రెన్యువలు, మధ్యాహ్నం బాపట్లలో అందరం బావగారని పిలిచే ఇంకో కాంట్రాక్టరు కొట్టు, సాయంత్రం రేపల్లెలో నేను. ఉత్తరం పట్టుకుని తెనాలి రైలెక్కాను. బాబాయి ఏమాత్రం కంగారు పడలేదు. “ఆయన వెనకాలే మెగ్గర్ కూడా వస్తది. నువ్వే తీసుకెళ్ళు. నీ మొహం ఆయనకింకా తెలీదుగా.” అలా నా లైసెన్సు ఇన్‌స్పెక్షన్ రోజున నేను మెగ్గర్‌కి కూలీగా బయల్దేరాను.

తెనాలిలో పని సాఫీగా జరిగింది. ఇన్‌స్పెక్టరు వీధి గుమ్మంలోంచి వెళ్ళగానే పెట్టెను నా ఎర్ర తువ్వాల్లో మూటగట్టి పెరటి గుమ్మంలోంచి నేను బయటపడ్డాను. ఇద్దరం ఒకే రైలెక్కాం, బోగీలు వేరు. బాపట్లలో ఆయన హోటల్లో భోజనానికి కూర్చున్న కాసేపట్లోనే మెగ్గర్ బావగారి బల్ల మీదకు చేరింది. ఆయన చూసి వెళ్ళగానే అది మళ్ళీ నా తువ్వాల్లోకి వచ్చింది. అక్కణ్ణుంచి రేపల్లెకి బస్సు. ఆయన ఎక్కాల్సిన బస్సే నేనూ ఎక్కాలి, దాని తర్వాతది ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు.

బస్సు కిటకిటలాడుతోంది. ఇన్‌స్పెక్టరు గారికి ముందు సీటు దొరికింది. నేను వెనక చంకలో మూటతో, ఒంటి కాలి మీద వేలాడుతున్నాను. మా వైపు బస్సుల్లో ఒక మంచి అలవాటుంది. నిలబడ్డవాళ్ళ సామాను కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటారు, ఎవరూ అడగక్కర్లేదు. పక్కనే ఖాళీ చేపల గంపలతో నిజాంపట్నం వెళుతున్న ఒకావిడ నా అవస్థ చూసింది.

“ఏంటి తమ్ముడూ, పడిపోయేలా ఉన్నావ్. ఆ మూట ఇలాగివ్వు.”

“వద్దక్కా, బరువుగా ఉంటది.”

“బరువని తెలిసీ మోస్తావా. ఇవ్వు నాయనా.”

నేను ఇవ్వలేదు, ఆవిడే లాక్కుంది. లాక్కుని ముందుకి అందించింది. ముందున్నవాళ్ళు ఇంకా ముందుకి అందించారు. “బాబుగారూ, కాస్త ఒళ్ళో పెట్టుకోండి, పిల్లోడు నిలబడలేకపోతన్నాడు” అని ఆవిడ వెనకనుంచి కేక కూడా వేసింది. ఇన్‌స్పెక్టరు గారు మూట అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. దాని మీద ఫైలు పెట్టుకున్నారు. కాసేపటికి ఆ ఫైలు మీద చేతులు మడిచి, చేతుల మీద తల ఆనించి కునుకు తీశారు. నాకు మాత్రం రేపల్లె దాకా రెప్ప పడలేదు.

బస్టాండులో ఆయన మూట నాకు అందిస్తూ, తువ్వాల్లోంచి పొడుచుకొచ్చిన చేతిపిడి కేసి చూశారు. “బాగా బరువుందయ్యా. ఏంటిది?”

“మా అమ్మ కుట్టు మిషనండి” అన్నాను. ఆ క్షణంలో అంతకంటే మంచి అబద్ధం తట్టలేదు.

“జాగ్రత్తగా తీసుకెళ్ళు” అని ఆయన టీ తాగడానికి వెళ్ళారు. నేను కొట్టుకి పరిగెత్తాను. మెగ్గర్ బల్ల మీద పెట్టి, మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని (చొక్కా మారిస్తే మనిషి మారిపోతాడని నా ఆశ) నిలబడ్డాను. ఆయన లోపలికి వచ్చి నన్ను చూశారు, బల్ల చూశారు, కుర్చీలో కూర్చున్నారు.

“మీ అమ్మగారికి కుట్టడానికి ఏమీ లేదా ఇవాళ?”

ఆయన మెగ్గర్‌ని తనవైపు తిప్పుకుని, మూలనున్న సొట్ట మీద వేలు పెట్టారు.

“తెనాలిలో చూసినదానికీ ఇక్కడే సొట్ట. బాపట్లలో దానికీ ఇక్కడే సొట్ట. ఇది నీదేనా?”

“మిగతావాళ్ళ సంగతి నన్నడక్కండి సార్. ఇది మాత్రం నాది కాదండి.”

అనేసరికి హాస్టలు పోయిందనే అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. “సరే, పొద్దుట్నించీ అందరూ చూపించేవాళ్ళే. తిప్పడం వచ్చా?” అన్నారు. వచ్చండి అన్నాను. “అయితే నీ కొట్టు వైరింగే పరీక్ష చేసి చూపించు.”

మెయిన్ ఆపి, బల్బులు తీసి, ఒక క్లిప్పు తీగకీ ఒకటి ఎర్తుకీ తగిలించి పిడి తిప్పాను. ముల్లు సున్నా దగ్గర చతికిలబడింది, అంటే కరెంటు గోడలోకి కారుతుందన్నమాట. నేను, నా చేతులతో, నా సొంత కొట్టుకి చేసిన వైరింగు. ఆయన కిటికీలోంచి వీధి చూస్తున్నారు. క్లిప్పు కాస్త వదులు చేస్తే చాలు, ముల్లు చివరిదాకా పరిగెడుతుంది, పని అద్భుతంగా ఉందని చెబుతుంది. వేలు క్లిప్పు దాకా వెళ్ళింది కూడా. హెడ్మాస్టరు గారి మాట గుర్తొచ్చి కాదు, సిగ్గేసి వేలు వెనక్కి తీసుకున్నాను.

“సున్నా చూపిస్తోంది సార్.”

“ఎందుకు?”

తీగ వెంట వెతికాను. చర్చి క్యాలెండరు తగిలించడానికి నేనే చెక్క పట్టీ మీద ఒక మేకు కొట్టాను. అది తీగలోకి దిగి గోడలోకి పోయింది. గోడ అవతల టీకొట్టు నీళ్ళ తొట్టి, గోడంతా చెమ్మ. మేకు పీకి, ఆ ముక్క మార్చి మళ్ళీ తిప్పాను. ఈసారి ముల్లు అవతలి కొసకి వెళ్ళింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన ఫైల్లో ఏదో రాసుకున్నారు. “పని తెలుసని రాశాను. సొంత మెగ్గర్ కొని, దాని నంబరు నెలలోపు పంపు. తెనాలికీ బాపట్లకీ కూడా ఇదే మాట ఉత్తరం రాస్తాను. ఇంకోసారి నా ఒళ్ళో పెట్టకండి.”

మూతబడిన ఒక రైసుమిల్లు వాళ్ళ పాత మెగ్గర్ దొరికింది. నంబరు పంపాను. బడి తెరవడానికి తొమ్మిది రోజుల ముందు లైసెన్సు రిజిస్టరు పోస్టులో వచ్చింది. తొమ్మిది రోజులూ హాస్టల్లోనే పడుకుని పని పూర్తి చేశాను. ప్రతి గదికీ పిడి తిప్పాను, క్యాలెండరు మేకులు ఎక్కడ కొట్టుకోవాలో సున్నంతో గుర్తులు కూడా పెట్టాను. అప్పుడు హెడ్మాస్టరు గారి బల్ల మీద టెస్టు రిపోర్టు పరిచి నా మొదటి సంతకం పెట్టాను. గీతలో మొదలైంది గీత దాటి, పక్కనున్న ఆఫీసరు గారి గడి దాటి, కాగితం అంచు దాకా పోయింది. మర్నాడు కరెంటాఫీసు గుమాస్తా అది చూసి, “ఆఫీసరు గారు ఎక్కడ పెట్టాలండి సంతకం?” అని ఇంకో ఫారం చేతిలో పెట్టాడు. రెండోసారి ఒద్దికగా, గడిలో పట్టేలా పెట్టాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో కొన్ని వేల సంతకాలు పెట్టి ఉంటాను, అన్నీ గడిలోనే. పాడైన ఆ మొదటి ఫారం బీరువాలో ఉంది. ఎప్పుడైనా తీసి చూస్తే నవ్వొస్తుంది. గడి సరిపోనంత సంతోషం ఉన్న ఆ కుర్రాడంటే నాకు ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది.