ఎడం చేతి తాలికలు

రాజమండ్రిలో మా ఆఫీసు వెనక సందులో నాలుగు స్టూళ్ల నూడుల్స్ కొట్టు ఒకటుంది. నిన్న అక్కడ వంట మాస్టారు పిండిముద్దని రెండు చేతులతో సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీస్తుంటే అది దారాలు దారాలుగా విడిపోయింది. వెల్లుల్లి వేగుతున్న పొగలో నిలబడిన నాకు మాత్రం పాలూ బెల్లం వాసనే వచ్చింది.

వినాయక చవితి పాలతాలికలు గుర్తున్నాయా? పాలకొల్లులో మా బామ్మ ఉడికించిన బియ్యప్పిండిని పీట మీద అరచేత్తో దొర్లించి తాలికలు చేసేది. నాది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు ఓ చవితికి నేనూ పక్కన కూర్చుని, ఒక్కటీ విరగకుండా సన్నగా చేశానని మురిసిపోతుంటే, "దేవుడి పిండిని ఎడం చేత్తో ముట్టుకుంటావటే!" అని నావన్నీ ఏరి ఆవుకి పెట్టించింది. ఆ రోజు నుంచి నిన్నటిదాకా నలుగురిలో ఉంటే నా ఎడం చెయ్యి ఒళ్లోనే దాక్కుంది. మీలోనూ అలా దాచుకున్నవాళ్లు ఉన్నారని నాకు తెలుసు.

"మాస్టారూ, మీది ఏ చేతి వాటం అండి?" అని అడిగాను.

"ఏదైతే ఏంటండి, రెండు చేతులూ లాగకపోతే పిండి సాగదు కదా" అన్నాడాయన.

ప్లేటు రాగానే ఫోర్కు ఎడం చేత్తో పట్టుకున్నాను. పక్క స్టూలు మీదాయన అదే పనిగా చూశాడు. చూస్తే చూడనీ అనుకుని ఇంకో ప్లేటు చెప్పాను.

ఈ చవితికి మా ఇంట్లో తాలికలు నేనే చేస్తాను, ఎడం చేత్తోనే. నైవేద్యమూ అవే. అభ్యంతరం ఉంటే వినాయకుడినే వచ్చి చెప్పమనండి.