హాజరు పట్టీలో లేని పిల్ల

పదో తరగతిలో నెల రోజులు నేను బడిలో కూర్చునే గైర్హాజరయ్యాను. డైరీలో రాసుకున్నాను గాని, ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ నోటితో చెప్పలేదు.

మాది తొర్రూరు. హాజరు తీసేటప్పుడు లెక్కల సార్ తలెత్తకుండా నంబర్లు పిలిచేవారు. నాకు నత్తి. నా నంబరు రాగానే నోరు తెరిచేదాన్ని. గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. మాట వచ్చేసరికి సార్ మరో ముగ్గురిని దాటేసేవారు. ఒకసారి పక్క పిల్ల నా బదులు పలికింది. సార్ ఆ పిల్ల గొంతు గుర్తుపట్టి దానితో గోడకుర్చీ వేయించారు. దాంతో ఆ సాయమూ పోయింది. తెలంగాణ ఉద్యమం బందులతో బడి నడిచిన రోజులే తక్కువ. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట.

ఆ ఏడే బయాలజీ మేడంకు కౌన్సెలర్ పని కూడా అప్పగించారు. ల్యాబ్‌లో అస్థిపంజరం పక్కన ఆమె కుర్చీ. అంతకుముందు కౌన్సెలింగుకు పోయిన పిల్లవాడే ఆ అస్థిపంజరమని మా క్లాసు నమ్మకం.

నెలగా బడికి రాని పిల్లకు ఇంట్లో ఏం కష్టమొచ్చిందోనని ఆమె మా కిరాణా దుకాణానికే వచ్చారు. నేను బియ్యం బస్తాల వెనక దాక్కున్నాను.

"అన్నా, రిజిస్టర్ల మీ బిడ్డ నెల సంది లేదు."

"రోజు పొద్దుగాల నేనే పంపుతున్న గద టీచరమ్మా!" అన్నాడు బాపు.

"అయ్యో, మరి డబ్బల అన్నం ఎవలు తింటున్నరు?" అని అమ్మ లబలబలాడింది.

బస్తాల మీదుగా నా జడ కనబడింది కాబోలు, మేడం అటే చూసి అన్నారు: "రేపు ల్యాబ్‌కు రా బిడ్డా. మాట్లాడేదేం లేదు, ఊకె కూసో."

కూర్చున్నాను. ఆమె ఏమీ అడగలేదు. మూడో రోజు జరిగిందంతా చీటీ మీద రాసిచ్చాను. చదివి ఆమె నవ్వలేదు. పళ్లు బయటపెట్టింది అస్థిపంజరం ఒక్కటే.

ఆ వారమే మా బడివాళ్లం రోడ్డు మీద వంటావార్పు చేశాం. పొయ్యి మీద కిచిడీ, చుట్టూ నినాదాలు. ఎవరో "జై!" అనగానే గుంపుతో పాటు నేనూ "తెలంగాణ!" అని అరిచాను. ఉల్లిగడ్డలు కోస్తున్న మేడం కత్తి ఆపి నావైపు చూశారు.

మర్నాడు ఆమె లెక్కల సార్‌తో, "నంబరు పిలిచి మీరు జై అనుండ్రి సార్. పిల్లలు తెలంగాణ అంటరు," అన్నారు.

"గిది హాజరా మేడం, ధర్నానా?" అని సార్ గొణిగారు. కాని ఆ రోజుల్లో జై అననని ఎవరనగలరు?

నా నంబరు వచ్చింది.

"జై!"

"తెలంగాణ!" అంటూ పిడికిలెత్తి ఒక్క ఊపున లేచాను. నా వైపు బెంచీ తేలి, అవతలి కొసన ఉన్న పక్క పిల్ల కింద పడింది. సార్ మొదటిసారి తలెత్తారు.

"ఎవలమ్మా నువ్వు? కొత్తగ జేరినవా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేడం నా లెక్కల నోట్సు తెచ్చి సార్ ముందు పెట్టారు. నెల పొడుగునా, బడి నడిచిన ప్రతి రోజూ, ఆయన ఎర్రసిరా సంతకాలే. సార్ రిజిస్టరు దిద్దారు.

హాల్ టికెట్లు ఇచ్చేటప్పుడు మేడమే నంబర్లు పిలిచారు. అలవాటు కొద్దీ "తెలంగాణ!" అని అరిచాను. ఆ వేసవిలో ఆమె కాటారం బదిలీ అయ్యారు. మళ్లీ కలవలేదు. ఆ రోజు టికెట్ నా చేతిలో పెట్టి, చెవి రుద్దుకుంటూ అన్నారు:

"పరీక్ష హాల్ల మాత్రం జర సప్పుడు జెయ్యకు బిడ్డా."