పదిహేడో విస్తరాకు

నా రాత కోడి కెలికినట్టు ఉంటాది. ఒత్తులు, దీర్ఘాలు పడాల్సిన చోట పడవు. ఐదో తరగతితో బడి మానుకున్నోణ్ణి. ముప్పై ఏండ్లు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పలకలు కోసినాను గాని, పలక మీద రాసింది తక్కువ. తప్పులుంటే మీరే సరిచేసుకోని చదవండి, ఏమనుకోవద్దు. ఈ పత్రికకు రాయక తప్పని పనొచ్చింది. మా మామ పోయినాడు.

పోయిన సోమవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. "బావా, నాయన పోయినాడు" అంది. నేను "ఊ" అన్నాను. ఆ పిల్ల పెట్టేసినాక కాయితం, కలం ఎతుక్కున్నాను.

మామ అంటే సొంత మామ కాదు, ఊళ్ళో వరస అట్ల కలిసింది. ఆయన గొర్రెల కాపరి. మనిషి పొట్టి, తలపాగా పెద్దది. సాయంత్రం గొర్రెలు దొడ్లోకి పోతుంటే వాకిట్లో నిలబడి, రెండు వేళ్ళు చాపి జతల్లెక్కన లెక్కపెట్టేవాడు. ఒక జత, రెండు జతలు, మూడు జతలు. చివర్న ఒకటి మిగిలితే దాన్ని ఒంటి అంటారు. ఆ లెక్క గొర్రెల కాడ ఆగలేదు. బస్సెక్కినా జనాన్ని జతల్లెక్కనే చూసేవాడు. ఆయన పెండ్లిచూపులకు పోయొచ్చినప్పుడు, వాళ్ళింట్లో ఎంతమంది ఉండారని పెద్దోళ్ళు అడిగితే, "నాలుగు జతలు, ఒక ఒంటి" అన్నాడంట. ఆ ఒంటే మా అత్త. ఆమె బతికినన్నాళ్ళూ దెప్పుతానే ఉండింది: "తాళి కట్టకముందే నన్ను గొర్రెల్లో కలిపినాడు మీ మామ!"

పోయిన నెల ఆయన్ని మార్కాపురం ఆసుపత్రిలో చూడను పోయినాను. మాట సన్నబడింది గాని చూపు తగ్గలేదు.

"ఈ వార్డులో నాలుగు జతలురా. ఒక ఒంటి. ఒంటి నేనే."

మంచం అంచున కూర్చోని, "నేనుండా గదా మామా, జతే" అన్నాను.

"నువ్వు నర్సమ్మ కసురుకుంటే లేచిపోయేటోడివి. నిన్ను లెక్కలో ఎట్ల ఏసుకునేది?"

అన్నట్టే నర్సమ్మ వచ్చింది, కసురుకుంది, నేను లేచినాను. మామ పొట్ట పట్టుకోని నవ్వినాడు. నేను చూసిన ఆయన కడపటి నవ్వు అదే.

ఆయన ఎట్లాంటోడో చెప్పాలంటే ఒక్క రోజు సంగతి చెప్తే చాలు. మా తాలూకాలను కర్నూలు జిల్లాలోంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన కొత్తలు. ప్రకాశం జిల్లా అనే పేరు అప్పుడప్పుడే నోటికి పడుతుండె. అదివరకు పనిబడితే కర్నూలు పోయేటోళ్ళం, ఇప్పుడు ఒంగోలు పోవాలంట. ఆ ఒంగోలు ఎట్లుంటాదో మాలో శానామందికి తెలీదు. అట్లాంటప్పుడు అక్కడి కుర్రోళ్ళు సైకిళ్ళ పందెం ఒకటి పెట్టినారు. తాలూకాకు ఒక జట్టు. ఎంతమంది పేర్లిస్తే అంతమందీ వాళ్ళ వాళ్ళ ఊరినుంచి తొక్కుకుంటా వచ్చి, పొద్దుగూకే లోపల కలెక్టరాఫీసు గేటు ముందుకు చేరాలి. ఎవరు ముందు, ఎవరు ఎనక అని లేదు. ఒక్కడు తగ్గినా ఆ జట్టంతా రానట్టే.

మా జట్టుకు పెద్ద, బట్టల దుకాణం శెట్టిగారి కొడుకు. మేమంతా చిన్నశెట్టి అనేవాళ్ళం. పేర్లియ్యను బస్సులో ఒంగోలు పోతే, అక్కడ రాసుకునే ఆయన, "మార్కాపురమా? అడివి పక్కోళ్ళు గదా. అంత దూరం నుంచి మీరేం వస్తారులే" అన్నాడంట. చిన్నశెట్టికి అది గుచ్చుకుంది. "మామా, మనం కూడా ఈ జిల్లాలోనే ఉండామని వాళ్ళకు తెలియాల" అన్నాడు. మామకు అప్పటికి ముప్పై దాటినాయి. సంతకు గొర్రెపిల్లల్ని ఏసుకోని పోయే పాత సైకిలు ఉండేది. ఆయన ఒప్పుకున్నాడు, నా పేరు కూడా ఆయనే చెప్పినాడు: "వీడు నోరు తెరవడు గాని, తొక్కుతాడు." నాకు ఇరవై నిండలేదు. మొత్తం పదిహేడు మందిమి. మామ లెక్కలో ఎనిమిది జతలు, ఒక ఒంటి.

ఇంకా తెల్లారకముందే మార్కాపురం నుంచి బయల్దేరినాము. అరవై మైళ్ళ దారి. మామ తలపాగా దూరానికి కనపడతాదని చిన్నశెట్టి ఆయన్ని ముందు పెట్టి, మా జట్టు జెండా ఆయన సైకిలుకు కట్టించినాడు. నేను కట్టకడపట ఉండాను. ఎవరూ పెట్టలేదు, నాకే అట్ల హాయి.

కొనకనమిట్ల దాటినాక నా పెడలు ఊగడం మొదలుపెట్టింది. పెడలు కాడను ఇరుసుకు బిగించే చీల ఒకటి ఉంటాది, కాటర్ పిన్ను అంటారు, అది అరిగి వదులైంది. తొక్కితే కాలు ఉత్తగా తిరిగిపోతాది. నా ముందరోడు పిలుపుకు అందే దూరంలోనే ఉండాడు. ఒక్క కేక పెడితే ఆగేటోడు. నోరు తెరిచినాను. కేక రాలేదు. నాకోసం పదహారు మంది ఆగి, ఎనక్కి తిరిగి నన్నే చూస్తారు గదా అని సిగ్గు. అట్ల చూస్తుండగానే వాళ్ళు మిట్ట ఎక్కి అటు దిగిపోయినారు.

రోడ్డు పక్కన కూలబడి శానా ఆలోచించినాను. నావల్ల అందరి కష్టం బూడిదలో పోసినట్టయింది. వాళ్ళకు మొహం ఎట్ల చూపించేది? లేచి సైకిలు మార్కాపురం దిక్కు తిప్పి, నెట్టుకుంటా నడవడం మొదలుపెట్టినాను.

అక్కడ, మేం భోజనానికి ఆగాల్సిన పొదిలిలో జరిగింది నేను చూడలేదు. తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు చెప్పుకోని నవ్వినారో, చూసినట్టే ఉంటాది. తెలిసినాయన రైసుమిల్లు వసారాలో మాకు భోజనం ఏర్పాటయింది. పదిహేడు విస్తరాకులు ఏసినారు. పదిహేడు ఆకుల ముందూ మనుషులు కూర్చున్నారు. చిన్నశెట్టి ఆకులు లెక్కపెట్టి, "అందరూ వచ్చినారు, వడ్డించండి" అన్నాడు. మామ మాత్రం రెండు వేళ్ళు చాపి వరసెంట పోయినాడు. తనతో కలిపి ఎనిమిది జతలు అయినాయి. చివర ఆకు కాడ తెల్లచొక్కా ఏసుకున్న మనిషి ఒకాయన పప్పు కలుపుకుంటుండాడు.

"ఏ ఊరప్పా నీది?"

"ఈ పక్క పల్లెనే. సైకిలు మీద అత్తగారింటికి పోతుండా."

"మరి ఈడ కూర్చున్నావే?"

"పిలిచినారు గదా! సైకిలు దిగుతుంటే మొహమన్నా చూడకుండా ఈ శెట్టిగారే, 'రా రా, ఆకు ఖాళీగా ఉండాది' అన్నాడు. పిలిచినంక పోకుంటే బాగుండదని..."

వసారా అంతా పగలబడి నవ్వినారంట. నవ్వు ఆగినాక నేను లేనన్న సంగతి అందరికీ తెలిసింది. చిన్నశెట్టి మొహం మాడిపోయింది. కాసేపటికి మామ చెవిలో, "మామా, వానికోసం ఎనక్కి పోతే పొద్దుగూకే లోపల చేరలేం. మనిషుండాడు, సైకిలుండాది. ఒంగోల్లో మన మొహాలు ఎవరికి తెలుసు? ఈయన్నే తీసుకోని పోదాం" అన్నాడు.

తెల్లచొక్కా ఆయనకు అది వినబడింది. "నాకేం, వస్తా. ఆడ గూడా భోజనం ఉంటాదా?" అన్నాడు.

మామ ఇద్దర్నీ చూసినాడు. "లెక్క సరిపోయింది శెట్టీ. మనిషి సరిపోలే" అన్నాడు. అంతే. ముద్ద ముట్టని తన ఆకును అన్నంతో సహా మడిచి, తలపాగా కొస చించి మూట కట్టుకోని, సైకిలెక్కినాడు. "ఉంటారో పోతారో మీ ఇష్టం. ఒంటిని ఇడిచిపెట్టి నేను రాను."

నేను సైకిలు నెట్టుకుంటా పోతుంటే ఎనకనుంచి వచ్చి పక్కన దిగినాడు. నా సైకిలు మొహం ఎటుందో చూసినాడు.

"ఏందిరా, ఒంగోలు ఇటు జరిగిందా?"

ఊగే పెడలు చూపించినాను. ఆయన రాయి తీసుకోని, చీల పక్కన రేకు ముక్క ఇరికించి దిగ్గొట్టినాడు. పెడలు గట్టిపడింది. మూట నా చేతిలో పెట్టినాడు. "నీ ఆకు ఇంకొకడు తినేసినాడు. ఇది తిను. సగం నాకుంచు."

తింటుంటే అడిగినాడు. "ఎందుకు కేక పెట్టలే?"

"సిగ్గయింది మామా."

ఆయన తిట్టలేదు. "గొర్రె తప్పిపోతే అరుస్తాది. అందుకే దొరుకుతాది. నువ్వు అరవకపోతే నిన్ను యాడని ఎతికేదిరా? ఇప్పుడు అరువు" అన్నాడు.

"ఇప్పుడా? ఎవరున్నారు మామా?"

"ఎవరూ లేరు గదా, ఇంకెందుకు సిగ్గు? నేనుండా అని అరువు."

చుట్టూ ఎండిన చేలు. మొదటిసారి గొంతులో గురగుర తప్ప ఏం రాలేదు. "పిల్లి గూడా అంతకన్నా గట్టిగా అరుస్తాది" అన్నాడు. మూడోసారికి నా అరుపుకు చేలో మేస్తున్న బర్రె తల ఎత్తి చూసింది. "అదీ! బర్రె ఒప్పుకుంది" అని సైకిలెక్కినాడు.

పొదిలి చేరేసరికి అందరూ అక్కడే ఉండారు. చిన్నశెట్టి రోడ్డు మధ్యలో నిలబడి మా కోసమే చూస్తుండాడు. నా సైకిలు తీసుకోని గాలి ఉందో లేదో నొక్కి చూసినాడు. మామ జెండా విప్పి అతని చేతికిచ్చినాడు. "ఇది నువ్వు పట్టుకో శెట్టీ. నా జాగా ఎనక." తెల్లచొక్కా ఆయన కూడా ఆగే ఉండాడు. తిన్న అన్నానికి మొగమాటపడి, అత్తగారి ఊరి దారి వచ్చేదాకా మాకు మంచినీళ్ళ కుండ మోసినాడు, పాపం.

అక్కడినుంచి ప్రతి మైలురాయి కాడా మామ ఎనకనుంచి "ఉండావా?" అనేవాడు. నేను "ఉండా!" అని అరిచేవాణ్ణి. రెండు రాళ్ళు దాటేసరికి ముందరోళ్ళు కూడా అందుకున్నారు. పదిహేడు గొంతులు వరసగా ఉండా, ఉండా అంటుంటే రోడ్డు పక్క జనం పనులు మాని చూసినారు.

చీమకుర్తి దాటినాక చిన్నశెట్టికి పొద్దుగూకే లోపల చేరలేమేమోనని మళ్ళీ దిగులు పట్టుకుంది. మా ఊళ్ళో అయితే ఆపాటికి పొద్దు నల్లమల ఎనక పడిపోయేది. చూస్తే ఇక్కడ ఇంకా బారెడు మీదనే ఉండాది. "ఏంది మామా, ఈ పక్క పొద్దు గూకదా?" అని ముందునుంచి కేకేసినాడు.

"ఈడ కొండ ఏదిరా? యాడ దాక్కుంటాది?" అన్నాడు మామ. "తొక్కు, తొక్కు."

గేటు కాడ పుస్తకం పట్టుకున్న మనిషి మమ్మల్ని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచినాడు. నా పేరు పిలిచినప్పుడు నేను అరిచిన అరుపుకు ఆయన కలం జారింది. మార్కాపురం జట్టు పూర్తిగా వచ్చిందని రాసుకున్నాడు.

ఆ మరుసటేడు ఫ్యాక్టరీలో పలక దుమ్ముకు ముక్కుకు కట్టుకునే గుడ్డలు ఇయ్యాలని మేస్త్రిని నలుగురిలో అడిగింది నేనే. ఇచ్చినారు. అందుకే ఈ వయసులో కూడా నా ఊపిరి బాగుండాది, ఇంతదూరం రాయగలిగినాను.

చిన్నశెట్టి పోయి నాలుగేండ్లయింది. మా పదిహేడు మందిలో వాళ్ళిద్దరూ, నేను, ఈ ముగ్గురి సంగతే నాకు తెలుసు. మామ నెల దినానికి మిగిలినోళ్ళమంతా ఆయన దొడ్డి కాడ కూడాలని నా ఆశ. యర్రగొండపాలెం పక్కకో, దోర్నాల పక్కకో పోయి స్థిరపడినోళ్ళు ఉంటే ఈ పత్రికకు రాయండి, నాకు చేరుస్తారు. ఆ సాయంత్రం ఒంగోలు రోడ్డు పక్కన నిలబడి చూసినోళ్ళు కూడా రాయండి. ఎండ మా వీపుల మీద ఉండింది. నీడలు మాకన్నా ముందు ఊళ్ళోకి పోతుండాయి. అందరికన్నా ఎనక తొక్కే మామ నీడ, తలపాగాతో సహా, నా ముందు చక్రాన్ని దాటి పోయింది. అది చూసినోళ్ళు ఎవరన్నా ఉంటే ఆలస్యం చేయకుండా ఒక్క కార్డు ముక్క రాయండి.