కారు తాగిన నీళ్ళు

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో వెళ్తారు కాబట్టి ఇంటి ముందున్న పాత కారు నాకు దక్కింది. జగ్గయ్యపేటలో జాకెట్లు కుట్టుకునేదానికి కారుతో ఏం పని అని మొదట్లో దాని మీద ఉతికిన లైనింగు గుడ్డలు ఆరేసేదాన్ని. అక్కకి కిడ్నీలు పాడయ్యాక మా రెండిళ్ళలో ఆ కారుని మించిన దిక్కు లేకుండా పోయింది.

అక్కావాళ్ళది నందిగామ. ఆమెకి మిషను మీద రక్తం శుభ్రం చేయించాల్సింది విజయవాడలో. రోజు విడిచి రోజు వెళ్ళాలి, ఒక్కసారి తప్పినా ఒళ్ళు ఉబ్బి ఊపిరాడదు. మిషను మీద నుంచి లేచాక ఆమె పది అడుగులు కూడా వెయ్యలేదు, ఇక బస్సులో నిలబడి రావడం అయ్యే పని కాదు. బావగారికి ట్రాక్టరు తప్ప మరో బండి తోలడం రాదు. డాక్టరు ఈ సంగతంతా చెప్పిన రోజున ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నారు. "నేను తీసుకెళ్తా" అనేశాను. అప్పటికి నాకు కారు తోలడం వచ్చీ రానట్టే ఉండేది, హైవే ఎక్కాలంటే అరచేతులు చెమటలు పట్టేవి.

అలా మొదలైంది. కుట్టుమిషను మీదున్న జాకెట్లు సగంలో ఆపేసి, చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, నందిగామలో అక్కని ఎక్కించుకుని, కంచికచర్ల మీదుగా విజయవాడ. నందిగామలో దిగగానే తాళంచెవి బావగారి చేతికిచ్చి లోపలికి వెళ్ళేదాన్ని. నేను అక్కకి తల దువ్వి చీర మార్చేలోపు ఆయన కారు అద్దాలు తుడిచి, వెనక సీట్లో దిండూ దుప్పటీ సర్ది పెట్టేవారు. మనిషి మాట తక్కువ. మరదలితో సరసమాడని బావని మా ఊరి మొత్తం మీద ఆయన్నొక్కరినే చూశాను.

ఇంజను పక్కనుండే తెల్ల డబ్బాలో ఆకుపచ్చ నీళ్ళుంటాయని, దాన్ని కూలెంట్ అంటారని, అది గీత కిందకి దిగితే బండి వేడెక్కుతుందని మా ఆయన చూపించి పెట్టారు. ఒక పొద్దున చూస్తే గీత కిందకి దిగి ఉంది. మరి కాస్త పోశాను. నాలుగు రోజులకి మళ్ళీ దిగింది. ఎక్కడ కారుతోందో చూద్దామని రాత్రి కారు కింద తెల్ల లైనింగు గుడ్డ పరిచాను. పొద్దున్నే తీసి చూస్తే బల్లి చేసిన పని తప్ప ఒక్క మరక లేదు. కుట్టే గుడ్డ ఒకటి పాడైనందుకు కారుని నాలుగు తిట్టి, చిల్లకల్లులో హైవే పక్కనున్న మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాను.

ఆ మెకానిక్‌కి తన పని మీద ఎంత నమ్మకమో తన మాట మీద అంతకు రెట్టింపు. బానెట్ ఎత్తిన మరుక్షణమే తేల్చేశాడు. "రేడియేటర్ క్యాపండీ. లోపల రబ్బరు పోయింది. ఆవిరైపోతన్నాయి నీళ్ళు. కొత్తది ఏస్తే ఇక ఈ జన్మకి చూసుకోవక్కర్లేదండీ."

క్యాపు మార్పించుకుని నందిగామ వెళ్ళి, అక్క జడ అల్లుతూ కారు మీద నా కడుపుమంటంతా వెళ్ళగక్కాను. "తాగిన నీళ్ళు ఏం చేస్తందో తెలీట్లేదే. దారిలో ఆగిపోతే నిన్ను భుజాన ఏసుకుని పోవాలి" అన్నాను. అక్క నవ్వింది. బావగారు గుమ్మంలో నిలబడి విని, కారు తుడిచే గుడ్డ తీసుకుని బయటికి వెళ్ళారు.

ఆ తర్వాత డబ్బాలో నీళ్ళు గీత దాటి దిగలేదు. ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేవి. మెకానిక్ గొప్పవాడేనని ఒప్పుకోక తప్పలేదు. చిల్లకల్లు దాటేటప్పుడు వాడు షెడ్డులోంచి చెయ్యెత్తితే హారను కొట్టి మరీ మర్యాద చేసేదాన్ని. నీళ్ళ రంగు మాత్రం రోజురోజుకీ వెలుస్తున్నట్టు అనిపించింది. నాసిరకం జాకెట్టు ముక్క నాలుగు ఉతుకులకి వెలిసినట్టు ఇదీ ఎండకి వెలిసిందిలే అనుకున్నాను. తర్వాత తర్వాత బానెట్ ఎత్తి చూడడమే మానేశాను.

ఎండాకాలం మధ్యలో జి.కొండూరులో బావగారి మేనత్త పోయింది. పెద్దదినం అయ్యేదాకా ఆయన అక్కడే ఉండాల్సొచ్చింది. ఆ రోజుల్లో అక్క దిండూ దుప్పటీ నేనే సర్దుకున్నాను. అలా ఒకరోజు మిట్టమధ్యాహ్నం కంచికచర్ల దాటామో లేదో, స్టీరింగు ముందున్న వేడి ముల్లు లేచి ఎర్రగీత మీదకి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. కారు పక్కకి తీసి ఆపాను. అక్క అప్పటికే రెండు రోజుల నీరు ఒంట్లో పెట్టుకుని ఉంది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. ఆ వేళకి ఆసుపత్రిలో లేకపోతే ఆమె మిషను ఇంకొకరికి ఇస్తారు. నాకు నిజంగా భయమేసింది. అంత భయం నా పురిటి నొప్పుల్లో కూడా ఎరగను.

మన హైవే మీద బానెట్ ఎత్తితే చాలు, ఎవరు పిలిచారని లేకుండా జనం నీళ్ళు పట్టుకొస్తారు. కొబ్బరిబోండాలమ్మే ఆయన బిందె తెచ్చాడు. లారీ డ్రైవరు క్యాన్ దింపాడు. మిరపకాయల కోతల నుంచి ఆటోలో వస్తున్న ఆడవాళ్ళు ఆటో ఆపించి సీసాలు అందించారు. ఇంజను చల్లారేదాకా మూత తియ్యొద్దని లారీ డ్రైవరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆటోలోంచి దిగిన ఒకావిడ మా కారు వెనక తలుపు తీసి అక్క చేతిలో సీసా పెట్టింది. "తాగమ్మా, పెదాలు పిడచగట్టుకుపొయ్యినయ్యి."

అక్క సీసా అందుకుని, కొంగు తడిపి పెదాలకి అద్దుకుని, వెనక్కిచ్చేసింది. రోజు మొత్తానికి ఆమె తాగాల్సిన నీళ్ళకి డాక్టరు లెక్క పెట్టాడు. ఇంట్లో ఉంటే బావగారే పొద్దున్నే ఆ కాసిని నీళ్ళూ చిన్న సీసాలో కొలిచి, గుక్కెడు గుక్కెడుగా ఇస్తారు. అది అయిపోతే మర్నాటిదాకా ఇంకేం లేదు. ఆవిడకి ఆ సంగతి చెప్తే సీసా మూత పెడుతూ కళ్ళు తుడుచుకుంది.

అక్కని కారులో పెట్టుకుని ఇంజను చల్లారేదాకా ఆగే వీలు లేదు. లారీ డ్రైవరే రోడ్డుకి అడ్డంగా నిలబడి విజయవాడ బస్సు ఆపాడు. కండక్టరు కసిరాడు గానీ అక్క మొహం చూసి ముందు సీటు ఖాళీ చేయించాడు. కొబ్బరిబోండాలాయన "కారు నేను చూసుకుంటా, మీరు పోండమ్మా" అన్నాడు. వేళ దాటాక ఆసుపత్రికి చేరితే నర్సు నన్ను చెడామడా తిట్టి, తిడుతూనే అక్కని మిషను మీద పడుకోబెట్టింది. ఆ తిట్లు నాకెంత హాయిగా అనిపించాయో చెప్పలేను. వాళ్ళెవరి పేర్లూ నాకు తెలియవు. దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు బిందె, క్యాను, సీసా, బస్సు అని తలుచుకుంటాను.

మర్నాడు మూత తియ్యకుండానే కారుకి తాడు కట్టించి చిల్లకల్లు చేర్పించాను. నన్ను చూడగానే మెకానిక్ లేచి నిలబడ్డాడు, ఎందుకంటే నా నోరు అప్పటికే షెడ్డు బయటి నుంచి వినిపిస్తోంది. "ఈ జన్మకి చూసుకోవక్కర్లేదన్నావ్, నీ జన్మెప్పుడు అయిపోయింది?" అన్నాను.

ఈసారి వాడు మాటలు తగ్గించి పని చేశాడు. క్యాపు తీసి ఆ స్థానంలో ముల్లున్న చేతిపంపు బిగించి గాలి కొట్టాడు. ముల్లు నిలబడితే లీకు లేనట్టు, దిగితే ఉన్నట్టు. టీ తాగి వచ్చేసరికి దిగింది. కారు కింద దూరి, ఇంజను అడుగునుండే ప్లాస్టిక్ పళ్ళెం ఊడదీశాడు. దాని నిండా ఎండిపోయిన ఆకుపచ్చ చారికలు. కారిన చుక్కలన్నీ ఆ పళ్ళెంలో పడి ఇగిరిపోయేవి, అందుకే నా తెల్లగుడ్డ మీద ఒక్క చుక్క పడలేదు. పైకి చూస్తే ఇంజను వెనక ఒక గొట్టం చివర చెమట పట్టినట్టు తడి.

"హీటరు గొట్టమండీ. క్లిప్పు లూజయ్యింది, రబ్బరూ చీలింది."

"ఏ హీటరు?"

"చలేస్తే కార్లో ఏసుకునే హీటరండీ."

జగ్గయ్యపేట ఎండల్లో కారులో హీటరు వేసుకునేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా వాడని గొట్టం మా అక్క ప్రాణం మీదకి తెచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను. వాడు గొట్టం మార్చి, కొత్త క్లిప్పు బిగించి, మళ్ళీ పంపు కొట్టి ముల్లు కదలకపోవడం నాకు చూపించాడు. తర్వాత మిగిలిన పాత నీళ్ళు బకెట్లోకి వదిలాడు.

"మేడం, ఇందులో కూలెంటేదండీ? అంతా నీళ్ళే. ఎవరో పోస్తన్నారండీ."

"నువ్వే పోసుంటావ్."

"నా షెడ్డు మీదొట్టు. నేనైతే బోరు నీళ్ళు పోసేవాణ్ణి, మన సున్నపు నేల నీళ్ళకి ఈపాటికి తెల్లగా గార కట్టేది. ఇవి తాగే నీళ్ళండీ. డబ్బాల్లో కొనుక్కొచ్చే ప్లాంటు నీళ్ళు."

కార్లో కొన్న నీళ్ళు పోసేంత మర్యాదస్తుడెవరో నాకు తట్టలేదు. తట్టింది మరుసటి ప్రయాణంలో. బావగారు పెద్దదినం చేసుకుని తిరిగొచ్చారు. తాళంచెవి ఎప్పటిలాగే ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళి, జడ అల్లుతూ కిటికీలోంచి చూద్దును కదా, ఆయన బానెట్ ఎత్తి, చెంబుతో వంగి ఉన్నారు. దువ్వెన అక్క చేతిలో పెట్టి బయటికి పరిగెత్తాను. గొడవకే వెళ్ళాను, దాచడమెందుకు.

"బావగారూ, ఎన్నాళ్ళనించి పోస్తన్నారు ఇట్టా?"

ఆయన తప్పు చేసినట్టు చెంబు వెనక్కి పెట్టుకున్నారు. "నువ్వు ఆ రోజు మీ అక్కతో అన్నావుగా అమ్మాయ్, నీళ్ళు తగ్గిపోతన్నయ్యని. అప్పట్నించి. ట్రాక్టరైనా అంతేగా, నీళ్ళు చూడకుండా బండి తియ్యకూడదు."

"నాతో ఒక్కమాట చెప్పొద్దా? క్యాపు బాగుందనుకుని నేను చూట్టమే మానేశా."

ఆయన కారు వైపే చూస్తూ అన్నారు.

"మీ అక్క రాత్రుళ్ళు మంచినీళ్ళడుగుద్ది. ఇయ్యాళ్టికి అయిపోయినయ్యని చెప్పేది నేనేగా. రోజూ చెప్తన్నా. దీనికి అడ్డం చెప్పే డాక్టరు లేడుగా అమ్మాయ్. దీనికన్నా కడుపునిండా పోద్దామనిపిచ్చుద్ది."

పట్టుకొచ్చిన గొడవంతా ఎటు పోయిందో తెలియదు. ఎన్ని మధ్యాహ్నాలు ఆ చెంబుడు నీళ్ళ మీద అక్క విజయవాడ చేరి, నా వెనక సీట్లో కునుకు తీస్తూ ఇంటికొచ్చిందో అప్పుడు తెలిసింది. నేను మెకానిక్‌కి హారను కొట్టి చెప్పిన దణ్ణాలన్నీ ఈయనవి. "మీ వల్లే బావగారూ ఇన్నాళ్ళూ తీసుకెళ్ళగలిగా" అన్నాను, నా జన్మలో ఆయనతో అంత మెత్తగా మాట్లాడింది అప్పుడే.

ఆయన తలూపి డబ్బాలోకి తొంగి చూశారు. కొత్త కూలెంట్ పచ్చగా గీత దాకా ఉంది. ఇక అది దిగదు. నిండు చెంబు చేత్తో పట్టుకుని, ఎక్కడ పొయ్యాలో తెలియక అలాగే నిలబడ్డారు.

నేను బానెట్ కిందే ఆ చివరనున్న నీలం మూత తీశాను. "ఇందులో పొయ్యండి బావగారూ. ముందు అద్దం మీద చిమ్మే నీళ్ళు. ఇవి ఊరికే అయిపోతయ్యి."

ఆయన చెంబు వంచి, ఒక్క చుక్క కింద పడకుండా, అంచు దాకా పోశారు.

గొట్టం మళ్ళీ కారలేదు. నేను మాత్రం అక్క కోసం వెళ్ళే రోజుల్లో జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా, దుమ్మున్నా లేకపోయినా, అద్దం మీద నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్తాను. వాళ్ళ ఇంటి ముందు ఆగేసరికి ఆ డబ్బా ఖాళీ అయిపోవాలి.