పీతల మందు డబ్బాతో బందరు, గుడివాడ

"చేతికి సంచైనా చుట్టుకోవయ్యా" అన్నాను.

"పీతలు చచ్చే మందు నన్నేం చేస్తుందే? నువ్వెళ్ళి అన్నం పట్రా" అన్నాడు మా ఆయన.

నిరుడు ఆయన ఆఖరి మాటలు అవే. నేను అన్నం తెచ్చేసరికి రొయ్యల చెరువు గట్టు మీద పడి ఉన్నాడు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. రొయ్యపిల్లను వదిలే ముందు చెరువులో పీతలు చావడానికి ఆ మందు పోస్తాం. ఈ ఏడు మిగిలిన సగం డబ్బా తాను పోస్తానన్నాడు మా మరిది. మనిషిని తీసింది అదో కాదో తేలకుండా పొయ్యనివ్వనని డబ్బా తీసుకుని బయల్దేరాను. మరిది కూతురు సుజాత ఇదంతా రాస్తోంది.

చేపల వాసనొస్తే కండక్టర్లు ఎక్కనివ్వరు. అందుకని బస్సెక్కే ముందు బుట్టా గిన్నే అన్నీ బూడిదతో తోముతాం. అలవాటుకొద్దీ డబ్బానూ తోమాను.

నాగాయలంకలో పొద్దున్నే బస్సు. "బుట్టలో పండుగప్ప చేపా అత్తా?" అన్నాడు కండక్టరు.

"తిన్నావంటే మళ్ళీ అడగవులే, టిక్కెట్టు కొట్టు అల్లుడూ."

తొమ్మిది దాటాక బందరులో దిగి, దారి అడుగుతూ కాలేజీకి వెళ్ళాను. కెమిస్ట్రీ సారు డబ్బా తిప్పి చూసి, "దీని మీద కాగితమేదమ్మా? మందు పేరు ఉండేది దాని మీదే" అన్నారు. బూడిదతో పాటే పోయిందన్నాను. "సరే, ఏం వెతకాలో తెలిస్తే ఇందులో ఏముందో పరీక్ష చేయొచ్చు. ఒంట్లోకెళ్ళి ఏం చేస్తుందో పక్క గదిలో అడుగు."

పక్క గదిలో జువాలజీ సారు, "ఏం మందో తెలీకుండా ఒంటి సంగతి ఎట్లా చెప్పను? ముందది తేల్చుకురా" అన్నారు.

ఆ గుమ్మానికీ ఈ గుమ్మానికీ తిరిగి విసుగెత్తింది. "ఆవేళ మందూ మనిషీ ఒక్కచోటే ఉన్నారు కదయ్యా, మీరేంటి రెండు గదుల్లో కూర్చున్నారు?" అన్నాను. కెమిస్ట్రీ సారు నవ్వి, రెండూ కలిపి చదివినావిడ గుడివాడలో ఉందని చెప్పారు.

స్టేషను బయట ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం నీళ్ళు. మధ్యాహ్నం పాసింజరెక్కాను. పెడనలో ఎక్కిన అద్దకం గుడ్డలావిడ నా సంగతి విని, "ఇదేం చదువు పిన్నీ, రంగు ఒకడికి, గుడ్డ ఇంకొకడికీనా?" అంది.

గుడివాడ మేడంగారు తన చదువును కెమికల్ బయాలజీ అంటారని చెప్పింది. "మందు ఒంట్లో దూరి దేన్ని పట్టుకుంటుందో చూస్తామండీ. ఇట్లాంటి మందులు చాలావరకు నరాల్లో ఒక పదార్థాన్ని పట్టుకుంటాయి. అది పీతలోనూ ఉంది, మనలోనూ ఉంది."

"పీతకీ నాకూ ఒకటేనా!"

"ఇంచుమించు."

"అయితే మా ఆయన్ని తీసుకెళ్ళింది ఇదేనా?"

"అప్పుడే రక్తం పరీక్ష చేయించి ఉంటే తెలిసేదేమో. ఇప్పుడు చెప్పలేను పిన్నిగారూ. చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తాయివి. మీ మరిదిని మాత్రం ముట్టుకోనివ్వకండి." డబ్బా తన దగ్గరే పెట్టుకుంది.

తిరుగు బస్సులో ఎంత ఆలోచించినా తెగలేదు. ఆయన గుండె దానంతటదే ఆగిందో, మందు ఆపిందో ఇప్పటికీ తెలీదు. పీత లోపలిది నా లోపల ఎందుకుందో అంతకన్నా తెలీదు. ఇంటికొచ్చేసరికి మరిది కొత్త డబ్బా కొనుక్కొచ్చి అరుగు మీద పెట్టాడు. రేపే పోస్తాడట.

సుజాతా, రాసింది చాలు. ఇప్పుడు మొదట్నించీ చదువు, గట్టిగా చదువు. మీ నాన్న గుమ్మంలోనే ఉన్నాడు.