జడలో చిక్కిన లెక్కల మాస్టారు

మీరు అన్నం తింటూ ఇది చదువుతుంటే ముద్ద కాస్త పక్కన పెట్టండి. పొలమారితే నా పూచీ లేదు. నిండు సభలో, ట్రాక్టరు ట్రక్కు మీద, ఎనిమిది మంది ఆడపిల్లలు కలిసి నన్ను నెత్తి నుంచి నడుం దాకా జడ అల్లేసిన ఘోరం చెప్పబోతున్నాను. పాపం, వాళ్ళ తప్పేం లేదు. అల్లడం నేర్పింది నేనే!

అప్పుడు నాది కొత్త ఉద్యోగం. అద్దంకి దగ్గర ఓ ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారిని. కొత్తగా చేరినవాడికి తెలియని సంగతంటూ లోకంలో ఉండదు కదా! ఆ ఏడు జానపద నృత్యాల పోటీ మా బళ్ళోనే పెట్టారు. గెలిచిన జట్టు బాపట్లలో జరిగే పెద్ద పోటీకి వెళ్ళాలి. మా ఎనిమిదో తరగతి పిల్లలకు బాపట్లంటే ఒకటే అర్థం, సముద్రం. ఒక్కరంటే ఒక్కరు చూడలేదు.

జట్టుకు పెద్ద షకీలా. "సార్, గెలిస్తే నిజంగా సముద్రం చూపిస్తారా?" అంది.

"చూపించడమేంటే, ముంచి లేపుతా!" అన్నాను. ముంచినంత పని చేశాననుకోండి, అది వేరే సంగతి.

అసలు చిక్కల్లా చోటుతోనే. అది మిరప కోతల కాలం. ఆ రోజుల్లో మా వైపు చదునుగా కనబడిన ప్రతి అడుగు మీదా కాయలు ఆరబోస్తారు. మనిషి కదలకుండా కూర్చుంటే వాడి మీద కూడా ఓ గంప పోసి వెళ్తారు. మా బడి మైదానం నిండా స్కూలు కమిటీ ఛైర్మన్ గారి కాయలే ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. వాటిని ఎత్తమనే ధైర్యం ఎవరికుంది?

హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచారు. "మాస్టారూ, రెండు ట్రక్కులు ఆనించి స్టేజీ చేస్తున్నాం. అందులో పట్టే డాన్సు చూడండి. పిల్లలు కాయల మీద పడ్డారో, ఛైర్మన్ గారు మనిద్దర్నీ ఆరబోస్తారు!"

ఆడించలేక ట్రక్కు ఇరుకన్నాడని నన్నెవరూ అనకూడదు. కాగితం తీసి లెక్కలు వేశాను. తప్పెటగుళ్ళు? ఎగిరితే ట్రక్కు ఊగుతుంది. చెక్కభజన? వరసలు పట్టవు. మామూలు కోలాటం? గుండ్రం పెద్దది. అప్పుడు వెలిగింది, జడ కోలాటం! పైనుంచి వేలాడే తాళ్ళను తలొకటి పట్టుకుని, సగం మంది ఇటు, సగం మంది అటు, ఒకరి సందులోంచి ఒకరు దూరి తిరిగితే తాళ్ళు జడలా అల్లుకుంటాయి. వెనక్కి తిరిగితే విడిపోతాయి.

"మేడమ్, అల్లేకొద్దీ తాడు పొట్టిదై పిల్లలు దగ్గరికి జరుగుతారు. అంటే ఆట సాగేకొద్దీ చోటు మిగులుతుంది!" అని బల్ల గుద్దాను. ఆవిడ నోరు తెరిచారు. మెచ్చుకోలనే అనుకున్నాను.

తరగతి గదిలో ఫ్యాను కొక్కానికి తాళ్ళు కట్టి అల్లించాను. బ్రహ్మాండం! విప్పడం నేర్పలేదు. కూడిక వచ్చినవాడికి తీసివేత రాదా అని నా ధీమా. పిల్లలు ఇంటికెళ్ళాక స్టూలెక్కి నేనే విప్పేవాణ్ణి. తాడు జారవిడుస్తారేమోనని కొసలు వాళ్ళ నడుములకే ముడేశాను. ఎంత ముందుచూపో చూడండి!

పోటీ రోజు ట్రక్కెక్కాక తెలిసింది, ఇక్కడ కొక్కెం లేదు. వెదురు గెడ తెప్పించాను. ట్రక్కు అడుగు ఇనుప రేకు, గెడ ఎలా పాతడం? "నేనే పట్టుకుని నిలబడతా" అన్నాను. పైన కరెంటు తీగలున్నాయని దాన్ని నా తల కంటే మూరెడు ఎక్కువుండేలా కోయించాను కూడా. ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు.

పాట మొదలైంది. పిల్లలు ఏం తిరిగారండీ! ఊరంతా ఈలలు. జడ గెడ చుట్టూ సరసరా కిందికి దిగింది. మూరెడు అయిపోయింది. ఆ తర్వాత నా నెత్తి.

"షకీలా, ఆగండే!" అన్నాను. డప్పుల హోరులో ఎవరికి వినబడుతుంది? ఒక తాడు ఓ కంటికి అడ్డం పడింది. ఇంకొకటి ముక్కు కింద పడింది. అప్పుడే గాలి మళ్ళి మిరపకాయల ఘాటు తగిలింది. హాఛ్! నేను తుమ్మితే ఎనిమిది మందీ కలిసి ఊగారు.

"విప్పండర్రా! వెనక్కి తిరగం..." అనేలోపు నోటికి కూడా తాడు పడింది.

షకీలా నా కేసి చూసింది. ముందు వరసలో న్యాయనిర్ణేతగా కూర్చున్న ఎంఈఓ గారి కేసి చూసింది. "ఇంకో చుట్టు వేయండే!" అని అరిచింది. భయంతో బుర్ర పనిచెయ్యడం లేదు పాపం అనుకున్నాను.

పాట ఆగేసరికి నేను అక్షరాలా జడనై నిలబడ్డాను. పువ్వులొక్కటే తక్కువ. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లల సముద్రం పోయిందని ఏడుపొచ్చింది.

ఎంఈఓ గారు లేచి చప్పట్లు కొట్టారు. "ఆహా! గురువును అల్లుకున్న శిష్యులు! ఏం భావమండీ! ఎలా తట్టింది మాస్టారూ?"

"ఊఁ... ఊఁ..."

"వినయం కూడా! మా ఓటు మీకే. బాపట్లలోనూ అచ్చం ఇలాగే చెయ్యాలి. మాస్టారు లేకపోతే ఐటమే లేదు!"

బాపట్లలోనూ చుట్టించుకున్నాను. బహుమతి రాలేదు గాని సముద్రం వచ్చింది. అలల్లో కేరింతలు కొడుతున్న షకీలాను అడిగాను. "విప్పడం నేర్పకపోవడం నాదే తప్పమ్మా. ఆ రోజు భయపడిపోయారు కదూ?"

"అబ్బే, విప్పడం మాకు మొదటి రోజే వచ్చేసింది సార్."

"మరెందుకు విప్పలేదే?"

"మీరు చిక్కుకున్నాకే ఎంఈఓ గారు ఫోన్ తీసి వీడియో పట్టడం మొదలెట్టారు సార్! విప్పితే మాకు సముద్రం ఎవరు చూపిస్తారు?"

అప్పటికప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తూర్పుకు తిరిగి, దోసిట ఉప్పునీళ్ళు పట్టి ఒట్టేశాను. ఇక ఈ జన్మలో పిల్లల ఆట మధ్యలో నిలబడను. నిలబడితే గిలబడితే పక్కనే, అదీ చేతిలో కత్తెరతో!