రెండు ముద్రలు పడ్డ ఓటు

తైవాన్ పడమటి తీరంలో ఆల్చిప్పలు విప్పేవాళ్ళలో న్యాన్ చేతికి పేరుంది. పొట్టి కత్తి కొన ఆనించి ఒక్క మెలిక తిప్పితే చిప్ప నోరు తెరుస్తుంది, లోపలి కండకు గాటు పడదు. పదకొండేళ్ళ కిందట వియత్నాం నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఆ మెలిక నేర్పింది పక్కింటి స్యూకిమ్. ఇప్పుడు స్యూకిమ్ ఊరి పెద్ద పదవికి ఇద్దరు మగవాళ్ళ మీద పోటీకి నిలబడింది. పౌరసత్వం వచ్చాక వేసే తొలి ఓటు ఆమెకే చెందాలని న్యాన్ గట్టిగా అనుకుంది.

చిప్పల గుట్ట ముందు కూర్చుంటే మాటలు దేశాలు దాటేవి. తన పడుచుతనంలో సైన్యం పాలన అని, ఎవరికి వెయ్యాలో ముందే కబురొచ్చేదని అత్తగారు చెప్పేది. ఆవిడ తండ్రి కాలంలో జపానువాళ్ళు పన్ను కట్టే మగవాళ్ళకే ఓటిచ్చారట. వియత్నాంలో పార్టీ ఒక్కటే అయినా కాగితం మీద పేర్లు మాత్రం నాలుగైదు ఉంటాయనేది న్యాన్.

"గంజి ఒక్కటే కాచి ఏం తాగుతావని అడిగినట్టుందే," అని అత్త ఎగతాళి చేసేది.

శనివారం ఓటు గదిలో తెర వెనక నిలబడగానే న్యాన్‌కు మెకాంగ్ ఒడ్డున, ఓట్లు వేసే తమ ఊరి బడి కళ్ళముందు తేలింది. నది మీద పొగమంచు, కిటికీలోంచి బురద వాసన, వద్దనుకున్న పేర్ల మీద నింపాదిగా గీత కొడుతున్న పంతొమ్మిదేళ్ళ తన చెయ్యి. ఇక్కడ కలానికి బదులు ముద్ర ఉంది. కలలో కదిలినట్టే చెయ్యి కదిలింది. మగవాళ్ళిద్దరి గడుల్లో ఒక్కో ముద్ర నొక్కి, కాగితం మడిచి పెట్టెలో వేసి, తేలికపడ్డ మనసుతో ఇంటికి నడిచింది.

సాయంత్రం ఊరంతా లెక్క చూడ్డానికి చేరింది. ఒక్కో కాగితాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి, పేరు పిలిచి, గోడ మీద గీత గీస్తున్నారు. స్యూకిమ్ గీతలు వానచినుకుల్లా పెరుగుతుంటే న్యాన్ వాటినే చూస్తూ నిలబడింది. ఇంతలో రెండు ముద్రలున్న కాగితం ఒకటి పైకి లేచింది.

"చెల్లదు," అన్నాడు అధికారి.

ఎవరో నవ్వారు. అప్పుడు గాని న్యాన్‌కు మెలకువ రాలేదు.

స్యూకిమ్ ఒక్క ఓటు తక్కువై ఓడిపోయింది. ఏ తాగుబోతు వేశాడో ఆ రెండు ముద్రలు అంది అత్త. ఎవరిదో పైవాడికి తప్ప తెలిసే దారి లేదు. అయినా సోమవారం పొద్దున చిప్పల దగ్గర న్యాన్ ఉండబట్టలేకపోయింది.

"అక్కా, ఆ కాగితం నాది. మా దగ్గర వద్దన్నవాళ్ళను కొట్టేస్తాం. ఆ ఇద్దర్నీ కొట్టేశాను."

స్యూకిమ్ కత్తి ఆగిపోయింది. దూరంగా పోటు నీళ్ళు ఆల్చిప్పలు పెంచే వెదురు గుంజల మధ్య మెల్లగా ఎక్కుతున్నాయి.

"ఎవరికైనా వేస్తాను గానీ దీనికి మాత్రం వెయ్యనని ఎవరో నా మీద కసి తీర్చుకున్నారనుకున్నానే. ఓడినందుకు కాదు, దానికే రెండు రోజులుగా కుమిలిపోతున్నాను."

"నీకే వేశానక్కా."

"తెలిసిందిలే." స్యూకిమ్ మళ్ళీ కత్తి అందుకుంది. "నాలుగేళ్ళకు మళ్ళీ నిలబడతాను. అప్పుడు మాత్రం ముద్ర నాకే గుద్దు."